తొమ్మిదో టేకు

బంతాట మైదానంలో రెండు గోలుకర్రల మధ్య తెర కట్టారు.
జావా సముద్రం వైపు నుంచి గాలి కొట్టినప్పుడల్లా
తెరకి కడుపొచ్చేది,
దాని మీది దయ్యానికి కూడా.

టికెట్టు లేదు. ఎవరింట్లోనో సున్తీ విందు,
వాళ్ల ఖర్చుతో ఊరంతటికీ భయం ఉచితం.
నేనూ, బగ్యో, వెనింగ్, దిర్మన్
ప్లాస్టిక్ చాప మీద, మధ్యలో ఉడికిన వేరుశెనక్కాయలు.
కళ్లు మూసుకున్నవాళ్లు కాఫీ కొనాలని పందెం.

మా ఉప్పుమళ్ల ఊళ్లోనే తీశారా సినిమా.
పెళ్లి వీడియోలు తీసే కుర్రాడొకడు
రెండు మేకలమ్మి తీశాడు.
నెత్తుటికి గులాబీ షర్బత్తు.
చచ్చిపడిన హీరోయిన్ మెడ మీద చీమలు బారు కడితే
పాపం, గోక్కోకుండా చచ్చింది.
అరటితోట మీద మైకు కొస వేలాడి
ఎవరూ పిలవకుండానే ఒక పాత్రయింది.

అప్పుడొచ్చింది పొచోంగ్.
నెత్తిన ఒక ముడి, నడుముకొకటి, కాళ్ల దగ్గరొకటి.
పూడ్చేటప్పుడు కఫను ముడులు విప్పడం మరిచిపోతే
విప్పమని అడగడానికే వస్తుందట,
నడవలేక, గెంతుకుంటూ.

ముఖాన పిండి, కళ్ల చుట్టూ బొగ్గు.
ఒక గెంతు. రెండు. మూడోదానికి బోర్లాపడబోయి
అరటిబోదెను భుజంతో ఆనుకుంది.
మైదానమంతా పగలబడి నవ్వింది.
"కింద చూడండ్రా! ఎడం చెప్పు నీలం, కుడిది ఆకుపచ్చ!"
అని అరిచిన వెనింగ్
తన నోరు తనే మూసుకుంది.

ఆ చెప్పులు మాకు తెలుసు.
సాయంత్రం నాలుగింటికి మా వీధిలోకొచ్చే చెప్పులు,
వేయించిన తాహు బండి వెనకాల.
అప్పు రాసుకోని సర్కున్ మామ.
పోయిన వానాకాలం. మూడు రోజుల జ్వరం.

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు.
ముందు వరసలో ఆగి, చాప చాపకీ ఆగుతూ వెనక్కొచ్చింది,
ఒక్కో ఇంట్లో దీపం ఆర్పుకుంటూ వచ్చినట్టు.
చివర బండి దగ్గర పొరుగూరివాడొకడు మాత్రం
ఇంకా నవ్వుతున్నాడు.

ముందు చాప మీద తుర్మినా అత్త.
ఎవరు రమ్మన్నారో.
"తొమ్మిదిసార్లు గెంతించారు.
కూలి, రెండు పెట్టెల లవంగం సిగరెట్లు.
ఆ రాత్రి మోకాలికి అల్లం నూరి పట్టేశాను,"
అంది, ఎవరితోనూ కాకుండా.
తర్వాత కొంచెం గట్టిగా,
"ముడులు విప్పారుగా? రెండుసార్లు అడిగించాను."

గోతిలోకి దిగినవాళ్లలో బగ్యో వాళ్ల నాన్న ఒకడు.
ఆయన లేచాడు. ప్రొజెక్టరు వెలుగుకి
దయ్యం పక్కన ఇంకో నల్లటి తల మొలిచింది.
"విప్పాను, తుర్మినా. మూడూ. ఈ చేత్తోనే."
"సరే అయితే. కూచో. అడ్డం."

సినిమా ఎలా అయిపోయిందంటే చెప్పలేను.
ఒక ముసలాయన ఏదో చదివాడు, పొగొచ్చింది,
పేర్లు పడ్డాయి, మామ పేరులో ఒక అక్షరం తప్పు.
కాఫీ ఎవరు కొనాలో తేలలేదు.
కళ్లు తుడుచుకుంటే మూసుకున్నట్టా కాదా అని
ఉప్పుమళ్ల గట్టు దాకా వాదించుకున్నాం.

అక్కడ, వెనకనుంచి,
టప్.
కాసేపాగి, టప్.

పై ప్రాణాలు పైనే పోయాయి.
చూస్తే దిర్మన్. చెప్పు తెగి
ఒంటికాలి మీద గెంతుకొస్తున్నాడు.
తిట్టాం. నవ్వాం. నవ్వు త్వరగానే అయిపోయింది.

బగ్యో వెనక్కి తిరిగి, చీకట్లోకి,
బండి దగ్గర నిలబడి అడిగినంత మామూలుగా,
"మామా, మోకాలెలా ఉంది?" అన్నాడు.

ఇంటికి పొద్దుపోతోందని తెలుసు.
అయినా కాసేపు
ఎవరం కదల్లేదు.